గామా పేలుడు పోలరైజేషన్ కొలవాలంటే ముందు సున్నా కొలవండి

కిందటి వేసవిలో సూళ్ళూరుపేట బజారులో స్టేషనరీ కొట్టుకెళ్ళి, చెక్కని పెన్సిళ్ళు 64 కావాలని అడిగాను. "బడిపిల్లలకి పంచడానికా మేడం?" అన్నాడు కొట్టాయన. "కాదండీ, గామా కిరణాలు పట్టడానికి" అన్నాను. నవ్వి, ఆరు పెట్టెలూ విడిగా నాలుగు పెన్సిళ్ళూ ఇచ్చి, ఒక రబ్బరు కొసరు వేశాడు.

డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను నేను. ఏటా వేసవిలో ఫైనలియర్ వాళ్ళు నలుగురైదుగురితో ఒక ప్రాజెక్టు చేయిస్తాను. శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్ పక్కనే ఉన్న ఊరు కాబట్టి రాకెట్ల ప్రాజెక్టులకి కొదవలేదు. అందుకే ఈసారి రాకెట్ వదిలేసి, అది మోసుకెళ్ళే సరుకు పట్టుకున్నాం. చైనావాళ్ళ అంతరిక్ష ప్రయోగశాల తియాంగాంగ్-2 మీద 2016 సెప్టెంబరు 15న పోలార్ అనే పరికరం వెళ్ళింది. చైనా, స్విట్జర్లాండ్, పోలండ్ వాళ్ళు కలిసి చేసినది. గామా కిరణాల పేలుళ్ళలో పోలరైజేషన్ కొలవడం తప్ప దానికి వేరే పని లేదు. ఆ కొలత ఎలా జరుగుతుందో మా లాప్‌టాప్‌ల మీద మొదటి నుంచీ చేసి చూద్దామనుకున్నాం. చేసిన పద్ధతీ, పప్పులో కాలేసిన చోట్లూ రాస్తున్నాను. పైథాన్ కాస్త వచ్చి, ఇంటర్ ఫిజిక్స్ గుర్తుంటే మీరూ చెయ్యగలరు.

అసలేం కొలుస్తున్నాం

ఎండవేళ పులికాట్ గట్టున నిలబడితే నీళ్ళ మీది మెరుపు కళ్ళలో పొడుస్తుంది. పోలరాయిడ్ కళ్ళజోడు పెట్టుకుంటే చప్పున తగ్గుతుంది. తల పక్కకి వాలిస్తే మళ్ళీ వస్తుంది. నీటి మీంచి వచ్చే వెలుగులో విద్యుత్ క్షేత్రం ఎక్కువగా ఒకే దిక్కున ఊగుతుంది కాబట్టి అలా జరుగుతుంది. అదే పోలరైజేషన్, పుస్తకాల తెలుగులో ధ్రువణం. చెప్పడానికి రెండు అంకెలు కావాలి: ఎంత శాతం, ఏ కోణం.

గామా కిరణాలకి అలాంటి కళ్ళజోడు లేదు, ఏ అద్దాన్నయినా దూసుకుపోతాయి. పైగా గామా పేలుడు సెకన్లలో అయిపోతుంది, రేపు ఎక్కడొస్తుందో ఎవరూ చెప్పలేరు. పెద్ద నక్షత్రం కూలినప్పుడో, రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడో కాంతివేగానికి దగ్గరగా ఎగజిమ్మే జెట్ నుంచి అది వస్తుంది. ఆ జెట్‌లో అయస్కాంత క్షేత్రం వరసగా దువ్వినట్టు ఉందా, చింపిరిగా ఉందా అన్నది పోలరైజేషన్ శాతం పట్టిస్తుంది. వరసగా ఉంటే నలభై, యాభై శాతం కూడా రావచ్చు. చింపిరిగా ఉంటే దాదాపు సున్నా.

కళ్ళజోడు లేదు కాబట్టి కాంప్టన్ పరిక్షేపణాన్ని వాడుకుంటాం. ఫోటాన్ ఎలక్ట్రాన్‌ని గుద్ది పక్కకి తిరిగినప్పుడు, తన విద్యుత్ క్షేత్రం ఊగే దిక్కుకి అడ్డంగా పోవడానికే ఎక్కువ మొగ్గు చూపుతుంది. ఒక్క ఫోటాన్ సాక్ష్యం చాలదు. వేల ఫోటాన్లు ఎటెటు తిరిగాయో లెక్కపెడితే ఒక వాలు కనబడుతుంది. కొలత మొత్తం ఇంతే. మిగతాదంతా ఆ వాలు మన పరికరం సృష్టించింది కాదని రుజువు చేసుకోవడం. పనిలో ముప్పాతిక భాగం అదేనని నాకు ప్రాజెక్టు అయ్యాకే తెలిసింది.

పెన్సిళ్ళ పెట్టె

పోలార్ లోపల ఉన్నవి 1600 సన్నటి ప్లాస్టిక్ సింటిలేటర్ (గామా తగిలితే మెరిసే పదార్థం) కడ్డీలు. ఒక్కోటి 5.8 మిల్లీమీటర్ల మందం, 176 మిల్లీమీటర్ల పొడవు. కొత్త పెన్సిల్ కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. కొట్టుకెళ్ళింది అందుకే. ఎనిమిదికి ఎనిమిది చొప్పున 64 కడ్డీలు ఒక మాడ్యూలు, అలాంటివి 25. అన్నీ కలిపితే అటు 40, ఇటు 40. మేము థర్మాకోల్ ముక్కలో 64 పెన్సిళ్ళు నిలువుగా గుచ్చి ఒక మాడ్యూలు చేశాం. బొమ్మే కదా అని వదిలెయ్యకండి. రేఖాగణితం ఎక్కడ దగా చేస్తుందో చేత్తో తిప్పి చూస్తే అర్థమైనట్టు స్క్రీన్ మీద అర్థం కాదు.

ప్లాస్టిక్ ఎందుకంటే అందులో కార్బన్, హైడ్రోజన్ తప్ప బరువైన మూలకాలు లేవు. బరువైన పదార్థమైతే తక్కువ శక్తి గామాని మింగేసి ఊరుకుంటుంది. మనకి మింగడం కాదు, తిప్పి పంపడం కావాలి. ఫోటాన్ ఒక కడ్డీలో ఎలక్ట్రాన్‌ని గుద్దితే అక్కడ చిన్న మెరుపు. తిరిగిన ఫోటాన్ ఇంకో కడ్డీలో తగిలితే అక్కడ రెండో మెరుపు. ఆ పెట్టె దాటడానికి కాంతికి ఒక్క నానోసెకను కూడా పట్టదు, కాబట్టి రెండూ ఒకేసారి వెలిగినట్టే లెక్క. ప్రతి మాడ్యూలు అడుగునా 64 గళ్ళున్న ఫోటోమల్టిప్లయర్ ట్యూబు కూర్చుని ఏ కడ్డీ వెలిగిందో, ఎంత వెలిగిందో చెబుతుంది.

ఆ మెరుపు ఎంత చిన్నదో ఒకసారి లెక్క కట్టి చూడండి. 200 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్ 90 డిగ్రీలు తిరిగితే ఎలక్ట్రాన్‌కి 56 ఇస్తుంది. ఫరవాలేదు, కనబడుతుంది. అదే 50 వోల్టుల ఫోటాన్ (కిలో ఎలక్ట్రాన్ అని ప్రతిసారీ రాయను, మీరే కలుపుకోండి) 90 డిగ్రీలు తిరిగితే నాలుగున్నర మాత్రమే ఇస్తుంది. ఎలక్ట్రానిక్స్ రొదలో అది మునిగిపోతుంది. పోలార్ పని పరిధి 50 నుంచి 500 దాకా అని చెప్పినా, కింది కొసలో చాలా ఫోటాన్లు మొదటి మెరుపు చూపకుండానే జారిపోతాయి. సిమ్యులేషన్‌లో మీరు ఈ కటాఫ్ (ఇంతకన్నా చిన్న మెరుపు కనబడదన్న హద్దు) పెట్టడం మర్చిపోతే లెక్క అందంగా వస్తుంది, తప్పుగా వస్తుంది.

ఒక ఈవెంటుని చదవడం

ఒక ఫోటాన్ వచ్చి కడ్డీల్ని వెలిగించడం ఒక ఈవెంటు. రెండు కంటే ఎక్కువ కడ్డీలు వెలిగితే ఎక్కువ శక్తి పడిన రెండింటిని తీసుకోండి. ఒకదాని నుంచి ఇంకోదానికి గీత గీస్తే, పైనుంచి చూసినప్పుడు ఆ గీత కోణమే మనకి కావలసిన కోణం. ఏది ముందు వెలిగింది, ఏది తర్వాత అన్నది తెలియకపోయినా ఫరవాలేదు. పోలరైజేషన్ 180 డిగ్రీలకొకసారి తిరిగి అదే అవుతుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు.

పక్కపక్క కడ్డీల జంటల్ని తీసిపారెయ్యండి. ఒక కడ్డీలో పుట్టిన వెలుగు కొంత పక్క గడిలోకి కారుతుంది. ఫోటాన్ ఎటూ తిరక్కుండానే రెండు కడ్డీలు వెలిగినట్టు కనబడుతుంది. పైగా అంత దగ్గర్లో గీత కోణం కూడా నమ్మదగ్గది కాదు.

రెండోది మేము మూడు రోజులు తలబద్దలు కొట్టుకున్నది. కడ్డీ నడిబొడ్డు నుంచి ఇంకో కడ్డీ నడిబొడ్డుకి గీతలు గీస్తే కొన్ని కోణాలే వస్తాయి, మధ్యలో ఖాళీలు. గ్రాఫు దువ్వెన పళ్ళలా వచ్చింది. సరిచెయ్యాలంటే ఫోటాన్ కడ్డీలో ఎక్కడో ఒకచోట తగిలిందనుకుని, ఆ 5.8 మిల్లీమీటర్ల చదరంలో యాదృచ్ఛికంగా ఒక బిందువు ఎంచుకోవాలి. దువ్వెన పోయి మామూలు అల వస్తుంది. ఆ అలని మాడ్యులేషన్ కర్వ్ అంటారు. శిఖరాలు ఎక్కడ వస్తాయో దానికి 90 డిగ్రీల్లో పోలరైజేషన్ దిక్కు ఉంటుంది. ఈ 90 మర్చిపోయి కోణం తప్పు రాసినవాళ్ళు మా గుంపులో ఇద్దరు. ఒకరు నేను.

సున్నా

అసలు కథ ఇది.

ప్రతి విద్యార్థికీ నేనొక డేటా ఫైలు తయారుచేసి ఇచ్చాను. కొన్నింటిలో పోలరైజేషన్ పెట్టాను, కొన్నింటిలో పెట్టలేదు. ఏది ఏదో కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, బీరువాలో పడేశాను. ఒకరోజు రాత్రి పదిన్నరకి మా ఫైనలియర్ అమ్మాయి ఫోను. "మేడం, 35 శాతం వచ్చింది! రెండు శిఖరాలు, 180 డిగ్రీల దూరంలో, పుస్తకంలో బొమ్మలా ఉంది!" పొద్దున్న గ్రాఫు చూశాను. నిజంగానే ముచ్చటగా ఉంది. స్టాఫ్‌రూములో అందరికీ చూపించాను కూడా. మధ్యాహ్నం కవరు విప్పితే ఆమె ఫైలుకి ఎదురుగా నా చేతిరాతతోనే "సున్నా" అని ఉంది.

ఏమైందంటే, ఆ ఫైలులో పేలుడు నడినెత్తిన కాకుండా 40 డిగ్రీలు వాలుగా వచ్చినట్టు పెట్టాను. పెన్సిళ్ళ మాడ్యూలుని వాల్చి పట్టుకుని చూస్తే విషయం తెలిసిపోతుంది. వాలుగా వచ్చిన ఫోటాన్‌కి పెట్టె ఒక దిక్కున ఒకలా, ఇంకో దిక్కున ఇంకోలా కనబడుతుంది. పోలరైజేషన్ లేకపోయినా తిరిగిన కోణాల్లో రెండు శిఖరాలు వచ్చేస్తాయి. నేరుగా పైనుంచి వస్తే పెట్టె చదరం కాబట్టి నాలుగు శిఖరాలు వస్తాయి, అది పట్టుకోవడం తేలిక. వాలు శిఖరాలు మాత్రం అచ్చం అసలు సరుకులా ఉంటాయి. ఒక మాడ్యూలు చచ్చి ఊరుకున్నా ఇలాంటి గోలే.

కాబట్టి పద్ధతి ఇలా. మీ పేలుడు ఏ దిక్కు నుంచి, ఏ స్పెక్ట్రంతో వచ్చిందో అదే దిక్కుతో, అదే స్పెక్ట్రంతో, పోలరైజేషన్ లేని ఫోటాన్లని సిమ్యులేషన్‌లో పంపండి. వచ్చిన కర్వే మీ పరికరపు సున్నా. తర్వాత నూటికి నూరు శాతం పోలరైజ్ అయిన ఫోటాన్లని వేర్వేరు కోణాల్లో పంపి అవి ఎలా వస్తాయో దాచుకోండి. అప్పుడు వచ్చే అల ఎత్తుని మ్యూ-100 అంటారు. పోలార్ లాంటి దానికి 0.3 అనుకుంటే లెక్కలకి సరిపోతుంది. కొలిచిన కర్వు ఈ రెండింటి మధ్య ఎక్కడ పడుతుందో చూడటమే ఫిట్టింగు. అసలు పోలార్‌ని ఎగరవేయకముందు 2015లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ సింక్రోట్రాన్‌కి తీసుకెళ్ళి, పూర్తిగా పోలరైజ్ అయిన ఎక్స్-రే కిరణంతో ఇదే పరీక్ష చేశారు. సిమ్యులేషన్‌ని ఎంత నమ్మొచ్చో అక్కడ తేల్చుకున్నారు.

ఇంకో సున్నా మోసం ఉంది, దీనికి పరికరం కూడా అక్కర్లేదు. పైథాన్‌లో సున్నా నుంచి 360 దాకా 400 యాదృచ్ఛిక కోణాలు తియ్యండి. ప్రతి కోణాన్నీ రెట్టింపు చేసి కొసైన్లు కూడండి, సైన్లు విడిగా కూడండి. రెండు మొత్తాల వర్గాలూ కలిపి వర్గమూలం తీసి, రెండుతో గుణించి 400తో భాగిస్తే అల ఎత్తు. దాన్ని 0.3తో భాగిస్తే పోలరైజేషన్. ఇలా వెయ్యిసార్లు చేసి సగటు తియ్యండి. దాదాపు 30 శాతం వస్తుంది! పెట్టింది ఏమీ లేదు, వచ్చింది 30. ఎందుకంటే శాతం ఎప్పుడూ సున్నా కిందికి పోదు. ఏ కాస్త రొద ఉన్నా అది పైకే తోస్తుంది. మా పిల్లలు ఇది చూశాక చాలాసేపు మాట్లాడలేదు. అప్పటిదాకా తెచ్చిన "ఫలితాలు" అన్నీ గుర్తొచ్చాయి కాబోలు.

నిజం పరిశోధకులకీ ఈ దెబ్బ తగిలింది. 2002 డిసెంబరు 6న వచ్చిన పేలుడులో 80 శాతం పోలరైజేషన్ ఉందని రెస్సీ ఉపగ్రహం డేటా నుంచి 2003లో ప్రకటించారు. అదే డేటాని వేరేవాళ్ళు తిరగేసి, నిజంగా ఒక చోటి నుంచి ఇంకో చోటికి తిరిగిన జంటలు వాళ్ళు అనుకున్నదానికన్నా చాలా తక్కువని, ఆ మాట నిలవదని తేల్చారు. రెస్సీ సూర్యుణ్ణి చూడటానికి కట్టినది, ఈ పని దానికి పక్కపని. పోలార్‌ని ఈ ఒక్క పనికే కట్టడం ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది.

స్టేషన్ మీద ఉంటే

అంతరిక్ష కేంద్రం మీద ఉండటంలో సుఖం ఉంది: కరెంటు, డేటా కిందికి పంపే దారి, బిగించుకోవడానికి గట్టి చోటు. తలనొప్పి కూడా ఉంది: చుట్టూ ఇనుము, అల్యూమినియం, సోలార్ పలకలు. పేలుడు ఫోటాన్లు ముందు వాటికి తగిలి, తిరిగి, అప్పుడు మన దగ్గరికొస్తాయి. కాబట్టి సిమ్యులేషన్‌లో పరికరం ఒక్కటే చాలదు, దాని వెనకున్న తియాంగాంగ్-2 కూడా ఉండాలి. మేము కొలతలు తెలియక ఒక అల్యూమినియం డబ్బా పెట్టి సరిపెట్టాం. అయినా పక్క నుంచి వచ్చే పేలుళ్ళకి తేడా కనబడింది.

390 కిలోమీటర్ల ఎత్తున గంటన్నరకొక చుట్టు. ఆ చుట్టులో బ్యాక్‌గ్రౌండ్ (పేలుడు లేకపోయినా తగిలే రేడియేషన్) ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు. భూమధ్యరేఖ దగ్గర తక్కువ, ధ్రువాల వైపు పోయేకొద్దీ ఎక్కువ. బ్రెజిల్ తీరం దగ్గర దక్షిణ అట్లాంటిక్ పైన రేడియేషన్ బెల్టు బాగా కిందికి దిగుతుంది, అక్కడ కొలత సాగదు. కాబట్టి బ్యాక్‌గ్రౌండ్‌ని నిన్నటి డేటా నుంచి తేకండి. అదే పేలుడుకి ముందు కొన్ని పదుల సెకన్లు, తర్వాత కొన్ని పదుల సెకన్లు తీసుకోండి. ఆ బ్యాక్‌గ్రౌండ్‌కి కూడా తనదైన అల ఉంటుందని మర్చిపోకండి. నా మాట వింటే దాన్ని మొత్తంలోంచి తీసెయ్యకుండా, రెండింటినీ పాయ్సాన్ లెక్కతో (లెక్కపెట్టిన అంకెలకి వాడే సంభావ్యత సూత్రం) కలిపి ఫిట్ చెయ్యండి. తీసేస్తే కర్వులో కొన్ని కోణాల దగ్గర అంకెలు మైనస్‌లోకి పోతాయి, ఎర్రర్ బార్లకి అర్థం ఉండదు.

పైకి వెళ్ళాక ట్యూబుల గెయిన్ (మెరుపుని ఎన్నిరెట్లు పెంచి చూపుతాయన్నది) మారుతుంది, వేడికీ వోల్టేజికీ. దాన్ని పట్టడానికి పోలార్ లోపలే నాలుగు చిన్న సోడియం-22 మూలాలు పెట్టారు. సోడియం-22 పాజిట్రాన్‌ని వదులుతుంది, అది 511 వోల్టుల ఫోటాన్లు రెండింటిని ఒకదానికొకటి వ్యతిరేక దిక్కుల్లోకి పంపుతుంది. వెలిగిన రెండు కడ్డీల మధ్య గీత ఆ మూలం గుండా పోతే అది కాలిబ్రేషన్ (స్కేలు సరిచూసుకునే) ఈవెంటు. 511 ఫోటాన్ ఒక్క దెబ్బలో ఎలక్ట్రాన్‌కి ఇవ్వగలిగింది గరిష్ఠంగా 341. ప్రతి కడ్డీ స్పెక్ట్రంలో ఆ అంచు ఎక్కడుందో చూసి స్కేలు గుర్తు పెట్టుకుంటారు. ఇంత తెలివైన ఏర్పాటు చూసి నాకు ముచ్చటేసింది. పేలుడు ఫోటాన్ల కోసం కట్టిన పద్ధతే తన తప్పుల్ని తనే దిద్దుకోడానికి పనికొచ్చింది.

పేలుడు దిక్కు, స్పెక్ట్రం మాత్రం వీలైనంతవరకు వేరేవాళ్ళ దగ్గర తీసుకోవాలి: ఫెర్మి, స్విఫ్ట్ లాంటి ఉపగ్రహాలు అదే పేలుడుని చూసి ఉంటే. దిక్కు తప్పితే మీ సున్నా తప్పుతుంది, సున్నా తప్పితే అన్నీ తప్పుతాయి.

ఎన్ని ఫోటాన్లు చాలు

దీనికి ఎం.డి.పి. అనే అంకె ఉంది, అంటే పట్టగలిగే కనిష్ఠ పోలరైజేషన్. అసలు పోలరైజేషన్ లేనప్పుడు, కొలిచిన శాతం నూటికి తొంభైతొమ్మిదిసార్లు దానికి లోబడే వస్తుంది. 4.29ని మ్యూ-100తోనూ, పేలుడు ఫోటాన్ల సంఖ్యతోనూ భాగించి, పేలుడూ బ్యాక్‌గ్రౌండూ కలిపిన సంఖ్య వర్గమూలంతో గుణించండి. పేలుడు నుంచి 500, బ్యాక్‌గ్రౌండ్ 500 అయితే 90 శాతం వస్తుంది. అంటే ఆ పేలుడుని పక్కన పెట్టెయ్యండి. 2000, 1000 అయితే 39. 10,000, 2000 అయితే 16. పని మొదలుపెట్టకముందే ఇది లెక్క కట్టండి. మేము చివర్లో కట్టాం, రెండు వారాలు వృథా.

పోలార్ ఆరు నెలలు పనిచేసి, హై వోల్టేజి సరఫరా పాడై ఆగిపోయింది. ఈలోగా 55 పేలుళ్ళు పట్టింది. అందులో పోలరైజేషన్ చెప్పగలిగినవి 14. 2019లో మొదట ఐదింటి ఫలితాలు, 2020లో మొత్తం 14 వచ్చాయి. చాలావాటికి శాతం తక్కువ, సున్నాకి సరిపోయేలా ఉంది. శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబరు 28న వెళ్ళిన మన ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లోని సీజడ్‌టీఐ అనే పరికరం కూడా 100 నుంచి 600 దాకా ఇదే పని చేస్తుంది. కొన్నింటిలో ఎక్కువ శాతం కనబడినా, ఎక్కువ భాగం పేలుళ్ళకి అదీ గట్టిగా చెప్పుకోదగ్గదేమీ చూపలేదు.

ముక్కలుగా కోసి చూడండి

తక్కువ వచ్చిందని వెంటనే మూట కట్టెయ్యకండి. 2017 జనవరి 14 నాటి పేలుడుని పోలార్ వాళ్ళు కాలం వారీగా కోసి చూస్తే, పోలరైజేషన్ కోణం పేలుడు సాగుతుండగానే తిరుగుతున్నట్టు కనబడింది. మొదటి సెకనులో ఉత్తరం, మరు సెకనులో తూర్పు అయితే కలిపినప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మొత్తానికి తక్కువ శాతం రావడానికి అదొక కారణం కావచ్చు. కాకపోతే ముక్కలు చేసినకొద్దీ ఒక్కో ముక్కలో ఫోటాన్లు తగ్గుతాయి, ఎం.డి.పి. పెరుగుతుంది, ఆ 400 కోణాల ఆటలో చూసిన దొంగ శాతం లేస్తుంది. అందుకని ముక్క ఎంతుండాలో కర్వు చూసి తేల్చకండి, చూడకముందే తేల్చి కాగితం మీద రాసి కవర్లో పెట్టండి. మా బీరువాలో ఇప్పుడు అలాంటి కవర్లు పదకొండున్నాయి.

ఫలితం రాసేటప్పుడు కూడా ఒక్క అంకె రాసి వదలకండి. శాతం, కోణం రెండింటి మీదా నమ్మకం ఎంతవరకో చూపే గుడ్డు ఆకారపు గీతలు గీయండి. సున్నా ఆ గీతల లోపల ఉంటే "ఇంత శాతానికి మించదు" అని రాయండి. "మించదు" అని రాయడానికి మా పిల్లలకి మొదట్లో మనసొప్పలేదు, ఏదో ఓడిపోయినట్టు. రెస్సీ కథ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

తియాంగాంగ్-2ని 2019 జులైలో కిందికి దించేశారు, దాంతో పోలార్ కూడా పోయింది. ఇప్పుడు చైనా కొత్త అంతరిక్ష కేంద్రం మీదికి పోలార్-2 సిద్ధమవుతోంది. ఐక్యరాజ్యసమితి అంతరిక్ష కార్యాలయం, చైనా కలిసి 2019లో ఎంపిక చేసిన తొమ్మిది ప్రయోగాల్లో అదొకటి. మన బెంగళూరు ఖగోళ సంస్థకి భాగం ఉన్న ప్రయోగం కూడా ఆ తొమ్మిదిలో ఒకటి. పోలార్-2లో ట్యూబుల బదులు సిలికాన్ ఫోటోమల్టిప్లయర్లు, 100 మాడ్యూళ్ళు, 6400 కడ్డీలు. దానికి ఎం.డి.పి. ఎంత తగ్గుతుందో ఈ వేసవి పిల్లలకి మొదటి లెక్కగా ఇస్తాను. మాడ్యూలు బొమ్మ మాత్రం ఒక్కటే చేయిస్తాను. 640 పెట్టెల పెన్సిళ్ళంటే ఆ కొట్టాయన ఈసారి నవ్వడు.